కోటేశ్వరి చెయ్యి

కోటేశ్వరి చేతులకు నూనె రాసుకుంటోంది. చలికి సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టింది. అది కరిగేదాకా కూర్చునే తీరిక లేక, పుల్లతో గీకి అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్ది వేడి పుట్టించి, మోచేతుల నుంచి కిందికి పట్టిస్తోంది. వేళ్ల సందులు, గోళ్ల చుట్టూ, మణికట్టు మడత. సున్నం ముందు తినేది అక్కడే. చేతులయ్యాక పాదాలు. పక్కన పాత చీర చించిన పేలికలు కుప్పగా ఉన్నాయి. ఒక్కో వేలికి ఒక్కో పేలిక చుట్టి, కొసను పళ్లతో పట్టుకుని బిగించి ముడేసింది. ఎడమ చెయ్యి పూర్తయింది. కుడి చేతికి మాత్రం ఎవరికి వాళ్లు కట్టుకోవడం కుదరదు. సున్నపు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లు పొద్దున్నే ఒకరి కుడిచెయ్యి ఒకరికి అప్పగిస్తారు.

పక్కింటి హన్నమ్మ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఎడమ కంటికి తెల్లగుడ్డ కట్టి ఉంది. తను పనికి పోవడం మానేసినా, కోటేశ్వరి చెయ్యి కట్టడానికి మాత్రం రోజూ వస్తోంది.

"ఇటివ్వు వదినా."

పేలిక తీసుకుని బొటనవేలికి చుట్టింది. ముడి వేయబోతే కొస అందలేదు. గుడ్డ ఒకచోట ఉంటే ఆమె వేళ్లు ఇంకోచోట మూసుకుంటున్నాయి. రెండోసారీ అంతే.

"ఏందే, గాలికి ముడేత్తన్నావు?" అంది కోటేశ్వరి.

"ఉన్న కన్ను గూడా నీళ్లు కారతంది. చూపు ఆనట్లా." హన్నమ్మ నవ్వింది. "నువ్వే కాస్త ఆ వేలు తెచ్చి నా ముడిలో పెట్టు."

కోటేశ్వరి వేలిని జరిపి ఆ ముడిలోకి దూర్చింది. హన్నమ్మ బిగించింది. ఐదు వేళ్లూ అలాగే అయ్యాయి.

కొన్నాళ్ల కింద, బట్టీ అడుగు నుంచి లాగిన వేడి రాయి మీద నీళ్లు చల్లుతుంటే ఒక గడ్డ పేలి హన్నమ్మ కంట్లో పడింది. కోటేశ్వరే ఆమె జుట్టు పట్టుకుని తల నీళ్ల డ్రమ్ములో ముంచి, మళ్లీ ముంచి కడిగింది. సర్కారు ఆసుపత్రి డాక్టరు చూసి, రెప్ప గుడ్డుకు అతుక్కుంటోందనీ, వెంటనే గుంటూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించకపోతే ఆ కన్ను ఇక రాదనీ చెప్పాడు. ఆ సంగతి బట్టీ ఆఫీసులో చెబితే, ఓనరు కొడుకు శ్రీహర్ష సెల్‌ఫోన్ లోంచి తలెత్తకుండానే, "కళ్లద్దాలు ఇచ్చాం కదండీ, పెట్టుకోకపోవడం ఆమె తప్పు" అన్నాడు. కళ్లద్దాలు నిజంగానే ఉన్నాయి. ఆఫీసు బీరువాలో, కవర్లు కూడా విప్పకుండా. పైనుంచి అధికారులు వచ్చిన రోజు అందరికీ పంచి, వాళ్ల జీపు వెళ్లగానే వెనక్కి తీసుకుంటారు. మర్నాటి నుంచి హన్నమ్మ పేరు హాజరులో కొట్టేశారు.

ముఠా మాత్రం కొట్టేయలేదు. కలిసి రాయి మోసి, వచ్చింది సమానంగా పంచుకునే కూలీల జట్టు అది. దెబ్బ తగిలినవాళ్లకు, పురుడొచ్చినవాళ్లకు వాటా ఆపడం ముఠాలో లేదు. శనివారం హన్నమ్మ వాటా హన్నమ్మ ఇంటికే వచ్చింది. ఆ డబ్బు బియ్యానికి సరిపోతుంది. గుంటూరుకు సరిపోదు.

"సాయంత్రం మీటింగుకి నేనూ రావాలంటనా?" అంది హన్నమ్మ. "చీర ఇచ్చిపోతారేమోనని చూత్తన్నా."

కోటేశ్వరి పేలికల మూట కట్టడంలో మునిగినట్టు కనిపించింది. చీరలు ముందురోజే పంచారు. హన్నమ్మకు ఎందుకివ్వలేదని అడిగితే గుమాస్తా, "కట్టుతో ముందు వరసలో కూర్చుంటే ఫోటోల్లో బాగుండదమ్మా" అన్నాడు.

"నిన్ను రెస్టు తీసుకోమన్నారు" అంది కోటేశ్వరి.

"ఓహో" అంది హన్నమ్మ. ఆమె నమ్మలేదని కోటేశ్వరికి తెలిసింది.

ఆ సాయంత్రం ముఠా ఆడవాళ్లందరూ ఒకే రకం పసుపు చీరలు కట్టుకుని ట్రాక్టర్ ఎక్కి పిడుగురాళ్ల కల్యాణ మండపానికి వెళ్లారు. వ్యాపారుల సంఘం వాళ్లు ఓనరు బ్రహ్మాజీకి సన్మానం చేస్తున్నారు. ఏడో బట్టీ, ఊరి బట్టీలన్నింటిలోకీ పెద్దది, ఎల్లుండి వెలిగించబోతున్నారు. లారీలు, మిల్లులు, హైవే పక్క స్థలాలు, గుంటూరులో రెండు అపార్టుమెంట్లు, అన్నీ స్టేజీ మీద ఒకాయన వరసగా చదివాడు. తర్వాత దీపాలు ఆర్పి తెర మీద సినిమా వేశారు. అందులో బ్రహ్మాజీ తలగుడ్డ చుట్టుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని బట్టీ మెట్లెక్కుతున్నాడు. ముఖం మీద చెమట. వెనకాల మద్దెల మోగుతోంది.

పక్కన కూర్చున్న జాన్‌బీ కోటేశ్వరిని మోచేత్తో పొడిచింది. "ఆ తట్ట నాదేనే! ఈ బొమ్మ తీసిన రోజు నా దగ్గర గుంజుకున్నారు. రాళ్లెయ్యమంటారా అంటే వద్దన్నారు. ఖాళీ తట్ట మోత్తా మొగం అట్టా పెట్టాడేందే, పురిటి నొప్పులొచ్చినట్టు?"

వెనక వరసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కోటేశ్వరికి కూడా నవ్వొచ్చింది.

బ్రహ్మాజీ మైకు ముందుకొచ్చాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి, పొట్ట లేదు, గొంతు గట్టిది. "నాకెవ్వరూ పైసా ఇవ్వలేదు" అన్నాడు. "ఇదంతా నా రెండు చేతుల కష్టం." రెండు చేతులూ ఎత్తి చూపించాడు. చప్పట్లు మోగాయి. "డబ్బున్నోణ్ని చూసి ఏడవడం మన జనానికి అలవాటు. నేనొకటే చెప్తా. నాలాగా కష్టపడండి, నాలాగా అవుతారు. కాలేదంటే, కష్టపడలేదని అర్థం."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ముందు వరసల్లో పసుపు చీరలు కూడా కొడుతున్నాయి. ముసలి సుబ్బమ్మ కొడుతోంది. ఆమె కోడలు వనజ కొడుతోంది. కొట్టమని గుమాస్తా ముందే చెప్పాడు. కోటేశ్వరి చేతులు ఒళ్లో ఉండిపోయాయి. స్టేజీ మీద ఎత్తిన ఆ రెండు అరచేతులను ఆమె ముందు వరసలోంచి బాగా చూడగలిగింది. లైట్ల కింద అవి గులాబి రంగులో మెరుస్తున్నాయి. రోజూ తెల్లారే నూనె పట్టించినా బీటలు తీసిన తన వేళ్లను ఆమె చూసుకోలేదు. అవి ఎలా ఉంటాయో తెలిసిందే. ఆమె చూసింది వనజ వైపు. పెళ్లయి ఏడాది కాలేదు, గాజులు ఇంకా కొత్తవి, ఆ చేతులూ అప్పుడే బిరుసెక్కాయి. ఆ పిల్ల ఆ మాట విని, నిజమే కాబోలన్నట్టు తలూపుతోంది.

ఇంటికొస్తుంటే ట్రాక్టర్‌లో జాన్‌బీ ఆ ఖాళీ తట్ట కథే మళ్లీ చెప్పింది. అందరూ పడీ పడీ నవ్వారు. ఈసారి కోటేశ్వరికి నవ్వు రాలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం శ్రీహర్ష కొత్త బట్టీ దగ్గరికి స్టీలు పళ్లెం పట్టుకుని వచ్చాడు. పళ్లెంలో పట్టుచీర, పసుపు కుంకుమ, అరటిపళ్లు. ముఠా అంతా బట్టీలోకి రాయి ఎక్కిస్తోంది. అడుగున కట్టెలూ పిడకలూ పేర్చారు. వాటి మీద బొగ్గు ఒక పొర, కాల్చి సున్నం చేసే ముగ్గురాయి ఒక పొర, మళ్లీ బొగ్గు. తట్టలు మెట్ల మీదుగా పైకి పోతున్నాయి, ఖాళీవి కిందికొస్తున్నాయి.

"కోటేశ్వరిగారూ, రేపు పదింటికి ముహూర్తం. తలస్నానం చేసి, ఈ చీర కట్టుకుని రావాలంట. నాన్న చెప్పమన్నారు."

ఆ బట్టీల్లో ఇది మొదటినుంచీ ఉన్న ఆనవాయితీ. కొత్త బట్టీకి తొలి నిప్పు కోటేశ్వరే పెట్టాలి. బ్రహ్మాజీ మొదటి బట్టీ కట్టినప్పుడు కొత్తగా కాపురానికొచ్చిన ముత్తయిదువని పంతులు ఆమె చేత కాగడా పెట్టించాడు. అది కలిసొచ్చింది. రెండో బట్టీకి బ్రహ్మాజీ సరదా పడి తన చేత్తో నిప్పు పెట్టాడు. గోడ నెర్రె విచ్చి, నిప్పు సగంలో చచ్చి, రాయంతా పచ్చిగా మిగిలిపోయింది. ఆ తర్వాత ఆయన ఏ బట్టీకీ అగ్గిపెట్టె పట్టుకోలేదు.

కోటేశ్వరి నెత్తి మీద తట్ట దించి, తలచుట్ట తీసి దులుపుకుంది.

"నేను పెట్టను బాబూ" అంది.

"ఏంటీ?"

"రేపు నా చెయ్యి రాదు. హన్నమ్మను గుంటూరు తీసకపోయి కన్ను చేయించండి. పేరు కొట్టేశారు, మళ్లీ ఎక్కించండి. అప్పుడొచ్చి పెడతా."

మెట్ల మీద తట్టలు ఆగాయి. ఎవరూ దించలేదు, ఎవరూ ఎక్కలేదు. శ్రీహర్ష పళ్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"బెదిరిస్తున్నారా?"

"బెదిరింపేముంది? పని మానుతున్నామా? పొద్దుట్నుంచి మోత్తానే ఉన్నాం గందా. నిప్పొక్కటే నేను పెట్టనంటన్నా."

శ్రీహర్ష నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, లెక్క తేలికగా తేలిపోయినవాడి నవ్వు. "చూడండి, నాకీ నమ్మకాలేం లేవు. నిప్పు ఎవరు పెట్టినా నిప్పే. నాన్న ఆడమనిషే పెట్టాలంటారు. అంతేగా? ఇంతమంది ఉన్నారు." పళ్లెం జాన్‌బీ ముందు పెట్టాడు. "మీరు పెట్టండి. చీర మీదే."

జాన్‌బీ పట్టుచీర అంచును వేలితో తాకి చూసింది. బాగుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా చెయ్యా! వద్దు సార్. నేను కాపురానికొచ్చిన రోజు మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. ఇయ్యాల్టికీ కరెంటు సరిగ్గా రాదు. కావాలంటే లైన్‌మన్‌ని అడగండి."

ఎవరో కిసుక్కుమన్నారు. శ్రీహర్ష సుబ్బమ్మ వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, మీరు?"

"నాదసలు చెయ్యి కిందే జమ కాదు నాయనా" అంది సుబ్బమ్మ, ఎంతో విచారంగా. "నేను కలిపిన ఆవకాయ ఏ ఏడూ ఉగాది చూడలా. బూజే. మా ముసలోడు పోయేదాకా నన్ను అదే తిట్టాడు."

ఇక మిగిలింది వనజ. వయసులో చిన్నది, మాటకు భయపడేది. శ్రీహర్ష గొంతు తగ్గించాడు. "నువ్వు పెట్టమ్మా. కొత్తగా పెళ్లయింది కదా, ఇంకా మంచిది. రేపట్నుంచి నీకు తేలిక పని ఇప్పిస్తా."

వనజ అత్త వైపు చూసింది. కోటేశ్వరి వైపు చూసింది. కోటేశ్వరి చూపు తిప్పుకుంది. ఆ పిల్లను కళ్లతో కూడా బలవంతపెట్టకూడదనుకుంది.

"నేను ముట్టుకుంటే పాలు విరుగుతయ్యంట సార్" అంది వనజ మెల్లగా.

"ఎవరన్నారు?"

"మా అత్త."

"మీ అత్త ఎవరు?"

వనజ సుబ్బమ్మను చూపించింది. సుబ్బమ్మ గంభీరంగా తలూపింది. "నిజమే నాయనా. విరుగుతయ్యి. పెళ్లిచూపులప్పుడు చెప్పలేదు వాళ్లు."

అప్పటిదాకా ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి బద్దలైంది. మెట్ల పైనుంచి కిందిదాకా నవ్వు. పైమెట్టు మీద ఒకావిడ నవ్వాపుకోలేక తట్ట పట్టుకునే కూలబడింది. శ్రీహర్ష చెవులు ఎర్రబడ్డాయి. పళ్లెం గట్టు మీద పెట్టి తండ్రికి ఫోన్ చేశాడు. చేతికంటిన దుమ్ము చెంపకు అంటకుండా స్పీకర్ నొక్కి దూరంగా పట్టుకున్నాడు. జరిగింది చెప్పి, "గ్యాస్ టార్చ్‌తో మనవాళ్లెవరైనా వెలిగిస్తారు, లేదా చీఫ్ గెస్ట్ చేత పెట్టిద్దాం డాడీ" అన్నాడు.

"ఒరేయ్, ఎవణ్నీ ముట్టుకోనీకు!" బ్రహ్మాజీ గొంతు అందరికీ వినిపించింది. "ఆ బట్టీ మీద ఎంత పెట్టానో తెలుసారా నీకు?"

"అయితే మీరే పెట్టండి."

ఫోన్ కట్ అయింది.

కోటేశ్వరి తలచుట్ట సర్దుకుని తట్ట ఎత్తించుకుంది. వరస మళ్లీ కదిలింది. ఆమె పక్కనుంచి దిగుతూ సుబ్బమ్మ, "నా ఆవకాయ బూజు పట్టిందంటే నమ్మాడే!" అంది ఆశ్చర్యంగా. "మా ఆవకాయ కోసం శావల్యాపురం నుంచి వత్తారు."

సాయంత్రం ఆమెకన్నా ముందే సంగతి ఇంటికి చేరింది. కోటేశ్వరి భర్త పున్నారావు అదే యార్డులో లారీలు లోడు చేస్తాడు. నడుం పట్టేసి పది రోజులకోసారి మంచమెక్కుతాడు. గుమ్మంలోనే అందుకున్నాడు.

"ఏమే, లోకంలో ఇంకెవరూ లేనట్టు నీకెందుకే ఇది? రేపు ఇద్దర్నీ గెంటేత్తే?"

"గెంటితే అందర్నీ గెంటాలయ్యా. మా ముఠాలో ఒక్క చెయ్యి గూడా మంచిది గాదని తేలిపోయింది."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నాకూ బయ్యంగానే ఉంది" అంది కోటేశ్వరి. "కాళ్లు కడుక్కుని రా, అన్నం తిందాం."

*

మర్నాడు తొమ్మిదికి కోటేశ్వరి గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తోంది. ఆకును తొడిమ నుంచి గిల్లి చేటలో వేస్తోంది. వీధిలో కారాగింది. తెల్లకారు, ముందంతా బంతిపూల దండలు, అద్దం మీద పసుపు, నిమ్మకాయ. శ్రీహర్ష స్టీరింగు దగ్గరే ఉండిపోయాడు. బ్రహ్మాజీ దిగాడు. కొత్త పంచె, నుదుట కుంకుమ. వీధిలో ఆడవాళ్లంతా ఇళ్ల ముందుకొచ్చి నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ ఈ వీధిలోకి రాలేదు.

పున్నారావు తుండుగుడ్డతో ప్లాస్టిక్ కుర్చీ తుడిచి లోపల వేశాడు. బ్రహ్మాజీ రేకుల చూరు తగలకుండా తల వంచి లోపలికొచ్చి కూర్చున్నాడు. కోటేశ్వరి లేచి గోడకానుకుని నిలబడింది. చేట చేతిలోనే ఉంది.

"ఏమ్మా కోటేశ్వరీ, నా మీద కోపమా?"

"కోపమేందయ్యా. మీరు చెప్పిందే చేత్తన్నా."

"నేనేం చెప్పా?"

"ఇదంతా మీ రెండు చేతుల కష్టమన్నారు. అందుకే, ఆ చేతులతోనే పెట్టుకోండని."

బ్రహ్మాజీ నవ్వబోయి ఆగాడు. "మీటింగన్నాక ఏదో మాట్లాడతాం. నేను కష్టపడలేదా ఏంది? నీకు తెలవదా? మొదటి బట్టీకి మీతో పాటు రాయి మోశా. ఇల్లు బ్యాంకులో కుదవబెట్టా. బొగ్గు రేటు పెరిగితే నిద్ర నాకు పట్టదు, నీకు కాదు. రేపు నష్టమొస్తే నువ్వొచ్చి పంచుకుంటావా?"

"మోశారయ్యా. నేను చూశా. భుజాలు కొట్టుకుపోయి నెత్తురొచ్చినా మోశారు, కాదన్ను." కోటేశ్వరి చేటలోని ఆకును వేళ్లతో సర్దింది. "మీరు కష్టపడలేదని నేనన్లేదు. మేం పడలేదని మీరన్నారు."

"నేనెక్కడన్నా?"

"నాలాగా కానోళ్లు కష్టపడనట్టే అన్నారు. మేం ముందు వరసలోనే కూర్చునున్నాం. మీరిచ్చిన చీరలు కట్టుకుని."

బ్రహ్మాజీ పున్నారావు వైపు చూశాడు. పున్నారావు నేలవైపు చూస్తున్నాడు.

"నష్టమొస్తే పంచుకుంటావా అన్నారు" అంది కోటేశ్వరి. "హన్నమ్మ కన్ను నష్టం కాదా? అదెవరు పంచుకున్నారయ్యా?"

బ్రహ్మాజీ చేతి గడియారం చూసుకున్నాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి, ఈసారి వేరే మనిషిలా మాట్లాడాడు.

"నిజం చెప్పనా? మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలా. నేనెంత కష్టపడ్డా, నా చెయ్యి పడితే కలిసిరాదు. నీ చెయ్యి పడింది ప్రతిదీ నిలబడింది. అది నీ అదృష్టమో నాదో నాకు తెలవదు. ఒకపని చేద్దాం. రేపట్నుంచి నువ్వు తట్ట మొయ్యొద్దు. ఆఫీసులో ఫ్యాన్ కింద కూర్చో. ఇప్పుడొచ్చేదానికి మూడింతలు జీతం. కొత్త బట్టీ కట్టినప్పుడు వచ్చి చెయ్యి పెడితే చాలు. పున్నారావుకు కూడా వాచ్‌మన్ పని. ఇంక లోడింగులొద్దు."

పున్నారావు తలెత్తాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఒక చెయ్యి దానంతటదే నడుం మీదికి వెళ్లింది.

కోటేశ్వరి చెయ్యి కూడా తెలియకుండానే నడినెత్తి మీదికి వెళ్లింది. తట్ట కూర్చునేచోట జుట్టు లేదు. రూపాయి బిళ్లంతగా మొదలై ఇప్పుడు అరచేయంత అయింది. ఎండాకాలం అక్కడ నిప్పు పెట్టినట్టుంటుంది. ఫ్యాన్ కింద కుర్చీ. ఆమె దాన్ని చూడగలిగింది. ఆ కుర్చీలో తను, కిటికీలోంచి మెట్లు, మెట్ల మీద వనజ. అంతా చాలా స్పష్టంగా కనిపించింది.

"ఆ జీతం ఎవరి మోతలోంచి ఇత్తారయ్యా?"

"ఎవరి మోతేంటి? నేనిస్తా."

"నేను మొయ్యకుండా కూర్చుంటే, నా తట్ట ఇంకెవరో మొయ్యాలిగా. జాన్‌బీనా? వనజా? రేపు వాళ్లు అడిగితే నేనేం చెప్పాలి? నేను కష్టపడ్డా, మీరు పడలేదు అని చెప్పాలా?"

బ్రహ్మాజీ ముఖంలో రంగు మారింది. కోపమనుకున్నాడు పున్నారావు, ఒక అడుగు ముందుకొచ్చాడు. కాని ఆయన కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది.

"స్టేజీ మీద కష్టమన్నారు. నా ఇంట్లోకొచ్చి అదృష్టమంటన్నారు" అంది కోటేశ్వరి. "ఏదో ఒకటి మీరే తేల్చుకోండి. నా చేతిలో ఏమీ లేదయ్యా. అంటుకునేట్టు కట్టెలు పేర్చింది సుబ్బమ్మ. గాలాడేట్టు రాయి ఎక్కించింది మా ముఠా. అందుకని నిలబడ్డయ్యి మీ బట్టీలు. మీరు నమ్మితే నమ్మండి, లేకపోతే నా చెయ్యే మంచిదనుకోండి. ఎట్టనుకున్నా నేనడిగింది ఒకటే."

వీధిలో ఎవరూ కదలడం లేదు. బంతిపూల దండ మీద ఈగలు ముసురుతున్నాయి.

"సరే" అన్నాడు బ్రహ్మాజీ. "ముహూర్తం కానీ. సాయంత్రం చూసుకుందాం."

"కారు బయటే ఉందిగా."

"నా మాట మీద నమ్మకం లేదా?"

కోటేశ్వరి చేట కింద పెట్టి, ఒక ఆకుకు ఉండిపోయిన తొడిమ గిల్లి పారేసింది. బ్రహ్మాజీ మళ్లీ గడియారం చూశాడు. కాసేపు చూస్తూనే ఉన్నాడు. తర్వాత లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"ఒరేయ్ హర్షా! హన్నమ్మను ఎక్కించుకుని గుంటూరు పో. దగ్గరుండి పెద్ద డాక్టరుకు చూపించు. ఎంతయితే అంత నువ్వే కట్టు."

"ఇప్పుడా? ముహూర్తం డాడీ! చీఫ్ గెస్ట్..."

"పో అన్నా!" జేబులోంచి ఫోన్ తీసి ఆఫీసుకు చేశాడు. "హన్నమ్మ పేరు ఎక్కించు. ఆ... మానేసిన రోజులకు గూడా. చెప్పింది చెయ్యవయ్యా, ఎందుకేంటి?"

జాన్‌బీ అప్పటికే హన్నమ్మ ఇంట్లోకి దూరింది. హన్నమ్మను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. చంకలో దుప్పటి, గుడ్డసంచి. హన్నమ్మ నీళ్లు కారుతున్న కంటితో కారు చుట్టూ పసుప్పచ్చగా వేలాడుతున్న వాటిని చూసి తడిమింది.

"బంతిపూలు! ఎవరి పెళ్లే?"

"నీదేనే! పెళ్లికొడుకు తోలుతున్నాడు, ఎక్కు!"

వీధంతా నవ్వింది. శ్రీహర్ష కూడా దిగి వెనక తలుపు తీసి, ఆమె తలకు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. జాన్‌బీ తోడుగా ఎక్కి కూర్చుంది. అద్దం దించి అందరికీ చెయ్యి ఊపింది. కారు పూల రేకులు రాలుస్తూ వీధి మలుపు తిరిగి హైవే వైపు పోయింది. హారన్ రెండుసార్లు మోగింది.

బ్రహ్మాజీ కుర్చీ దగ్గరికి తిరిగొచ్చి కూలబడ్డాడు. బట్టీలు అక్కడికి అరమైలు. కారు లేదు. "బండేదన్నా ఉందా పున్నారావూ?" అన్నాడు. పున్నారావు లేదన్నట్టు చేతులు తిప్పాడు. అతని పెదవుల మీద ఏదో నవ్వు లాంటిది వచ్చి నిలిచింది. భయం ఇంకా పోలేదు కాని నవ్వూ పోలేదు.

వీధిలో ఆడవాళ్లు అప్పటికే తలచుట్టలు చుట్టుకుని కదులుతున్నారు. సుబ్బమ్మ ముందు, వనజ వెనక. వనజ తల ఎత్తి నడుస్తోంది.

కోటేశ్వరి చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. శ్రీహర్ష వెనక్కి పట్టుకుపోయిన పట్టుచీర పళ్లెంలోనే ఆఫీసులో ఉండిపోయింది. కట్టుకున్న నేతచీరే బిగించి దోపింది. బ్రహ్మాజీ గుమ్మం దగ్గర వంగి చెప్పుల్లో కాళ్లు పెట్టుకోవడానికి తడుముకుంటున్నాడు. ఏదో చెప్పబోతున్నవాడిలా తలెత్తాడు. ఆమె ఆయన పక్కనుంచి గడప దాటి, ఆడవాళ్ల వెనకే కొత్త బట్టీ వైపు నడిచింది.